లావు అక్షరాలు

బావ ఆ ప్రోగ్రాంను మొదటిసారి చూసినప్పుడు తెర కుడిసగం మీద వేలు పెట్టి, "ఇది పాడైపోయిందిరా" అన్నాడు.

"పాడవలేదు బావా. అక్కడ ఇంకా ఏమీ లేదు, అంతే. ఎడంపక్క ఉత్తరాల వరస ఉంది చూడు. అందులో దేన్ని నొక్కితే అది కుడిపక్క తెరుచుకుంటుంది."

"నొక్కకపోతే?"

"ఖాళీగా ఉంటుంది."

"అంత చోటు ఖాళీగా ఉంచడం దేనికి? అద్దెకిద్దామనా?"

వంటింట్లోంచి అక్క నవ్వింది. అతనూ నవ్వాడు. భోజనాల బల్ల మీద, నీళ్ళ జగ్గుకీ కంచాలకీ మధ్య లాప్‌టాప్ పెట్టుకుని అతను కొన్ని వారాలుగా ఆ ఇంట్లోవాళ్ళని విసిగిస్తున్నాడు. ఏ మీట ఎక్కడుంటే చేతికి అందుతుందో, ఏ అక్షరం ఎంతుంటే కళ్ళజోడు లేకుండా కనపడుతుందో బావనే అడిగేవాడు. ఆ ప్రోగ్రాంతో రోజంతా గడపబోయేది బావే మరి.

తొమ్మిదో తరగతిలో ఉండగా తండ్రి పోతే అతను అక్క వెంట ఆ ఇంటికి వచ్చాడు. సైకిలు తొక్కడం, గడ్డం గీసుకోవడం, ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు బూట్ల లేసులు కట్టుకోవడం బావే నేర్పాడు. తర్వాత చదువూ ఉద్యోగాలూ అతన్ని అటూ ఇటూ తిప్పాయి. చివరికి పనిచేస్తున్న కంపెనీ ఒక సోమవారం పొద్దున తలుపులే తెరవకపోయేసరికి, నలభైకి దగ్గరపడిన వయసులో, పెళ్ళి మాటెత్తితే మెట్లెక్కి పారిపోయే అలవాటుతో, మళ్ళీ ఆ ఇంటి పైగదికే చేరాడు. బావ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కొన్నాళ్ళు చూసి, తన ఆఫీసు మేనేజరుతో, "మా బావమరిది ఉన్నాడు మేడమ్. కంప్యూటరు పొట్టలో ఏముందో వాడికి తెలుసు" అని చెప్పి పని ఇప్పించాడు.

ఆఫీసు లిఫ్టులు బాగుచేసే కంపెనీది. ఊళ్ళోని అపార్ట్‌మెంట్లలో సగానికి పైగా లిఫ్టులు దాని చేతిలోనే ఉండేవి. బావ అందులో మెకానిక్‌గా చేరాడు. ఒకసారి ఇనుప పట్టీ జారి భుజం మీద పడ్డాక ఆ చెయ్యి తల కన్నా పైకి లేవడం మానేసింది. అప్పటినుంచీ ఫిర్యాదుల గదిలో కూర్చున్నాడు. ఆ గదిలో ముగ్గురు మనుషులు, మూడు బల్లలు, వీధి వైపు ఒక కిటికీ, గోడకు ఊరి పటం. ఫిర్యాదులు కొన్ని ఫోనులో వచ్చేవి, ఎక్కువ ఈమెయిల్లో. ఈమెయిల్‌ని బావ ఉత్తరమనే అనేవాడు. వినీ వినీ గదిలో అందరికీ అదే నోటికి పట్టుకుంది.

ఉత్తరాలన్నీ ఒకే చిరునామాకు వచ్చేవి. వాటిని తెచ్చి, దాచి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే వ్యవస్థ ఒకటి వెనకగదిలోని సర్వరు మీద ఏళ్ళ తరబడి నడుస్తోంది. గట్టిది. ఒక్క ఉత్తరాన్నయినా పోగొట్టిన పాపాన పోలేదు. కాకపోతే దానికి ముఖమంటూ లేదు. నల్లటి తెర మీద పచ్చటి వరసలు మాత్రం చూపించేది. కొత్త ఉత్తరం పక్కన ఒక చుక్క ఉండేది. దాని అంకె కొట్టి ఎంటర్ నొక్కితే ఉత్తరం తెరుచుకునేది, చుక్క పోయేది, తెరిచిన మనిషి పేరు సర్వరులో పడేది.

ఆ చుక్క మీదే గది మొత్తం నడిచేది. ఉత్తరం ఎవరు తెరిస్తే పని వాళ్ళది. చుక్క ఉందంటే ఇంకా ఎవరూ చూడలేదని, లేదంటే ఎవరో చూసుకుంటున్నారని. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే బావ చెప్పేవాడు: "తీరిక లేకపోతే తెరవకండి. తెరిచారా, మెకానిక్‌ని పంపిందాకా టీకి కూడా లేవకండి."

అతను చెయ్యవలసిందల్లా ఆ వ్యవస్థకు ఒక ముఖం తొడగడం. వెనక ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. కంపెనీ మిగతా ఆఫీసులు కూడా దాని మీదే నడుస్తున్నాయి. అతని ప్రోగ్రాం, అంటే తెర మీది విండో, దాన్ని ఏదో అడగాలి, అది ఇచ్చిన జవాబును మనిషి కంటికి నచ్చేలా పరచాలి. వినడానికి ఇంతే. ఉత్తరాల వరస మెల్లగా వచ్చేది. ఫొటోలు జతచేసిన ఉత్తరం తగిలితే విండో బిగుసుకుపోయేది. ఒక్కో ఉత్తరంలో అక్షరాలకి బదులు చిన్న చిన్న పెట్టెలు కనపడేవి. ఒక్కోదాన్నీ సరిచేస్తూ పోయాడు.

వెనకగదిలో సర్వరును చూసుకునే మనిషిని ఆఫీసులో అందరూ వెనకాయన అనేవారు. ఎవరితోనూ గొడవపడని మనిషి. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అడగనిదానికి చెప్పేవాడు కాదు. అచ్చం తన సర్వరులాగే. అతను వచ్చాక ఫిర్యాదుల గది అతనికీ ఒక పేరు పెట్టింది. "వెనకాయన ఉన్నాడు కదా, మరి ఈయన ముందాయన" అంది ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి. "ముందాయనా వద్దు, పక్కాయనా వద్దు. కిటికీ అందాం" అన్నాడు బావ. కిటికీ సారు అనే పేరు స్థిరపడిపోయింది.

చుక్కకి బదులు అతను అక్షరాల లావు వాడాడు. ఎవరూ తెరవని ఉత్తరాలు లావు అక్షరాల్లో, తెరిచినవి సన్నని అక్షరాల్లో. బావకది ఎంతో నచ్చింది. "దూరం నుంచే తెలిసిపోతోందిరా ఎంత పనుందో" అన్నాడు. నచ్చనిది ఆ కుడిపక్క ఖాళీ ఒక్కటే. మేనేజరు మేడమ్‌కీ నచ్చలేదు. ఆవిడ కూడా వచ్చి చూసి, "రావాల్సింది ఇంకా రాలేదా?" అని కాసేపు ఎదురుచూసింది.

అందుకని విండో తెరవగానే అన్నిటికన్నా పైనున్న ఉత్తరం దానంతట అదే కుడిపక్క కనపడేలా చేద్దామనుకున్నాడు. ఒక చిక్కుంది. వెనకనున్న వ్యవస్థ ఒక ఉత్తరాన్ని ఇచ్చిందంటే, అడిగిన మనిషి దాన్ని తెరిచినట్టే రాసుకుంటుంది. వెనకాయన దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"తెరిచినట్టు రాసుకోకుండా ఇచ్చే దారి ఏమన్నా ఉందాండీ?"

"లేదండీ. అడిగితే ఇస్తుంది, ఇస్తే రాసుకుంటుంది. అది మార్చాలంటే అన్ని ఆఫీసుల్లోనూ మార్చాలి."

అతను తన కుర్చీలోకి తిరిగొచ్చి ఆలోచించాడు. విండో తెరిచిన మనిషి దాని ఎదురుగానే కూర్చుని ఉంటాడు. పై ఉత్తరం కళ్ళ ముందే ఉంటుంది. చదవక ఏం చేస్తాడు? చదివితే తెరిచినట్టే కదా. ఇబ్బందేమీ కనపడలేదు. ఆ సాయంత్రం బల్ల దగ్గర బావకి చూపించాడు. విండో తెరుచుకుంది, కుడిపక్క ఉత్తరం నిండింది.

"ఆ, ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది" అన్నాడు బావ.

ఆఫీసులో విండో పెట్టిన రోజున బావ కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఫిర్యాదుల గదిలోకి ఎవరు తొంగిచూసినా కుర్చీ పక్కకి జరిపి చూపించాడు. "మావాడే చేశాడు. మా ఇంటి బల్ల మీదే" అన్నాడు. నల్లటి తెర గురించి వారం తిరక్కుండానే అందరూ మర్చిపోయారు. తర్వాత నెలలో పెద్దాఫీసు కూడా విండోను ప్రయత్నించి చూస్తామని అడిగి తీసుకుంది. మేడమ్ ఆ మాట చెప్పిన రోజున అక్క అతనికిష్టమని మిఠాయి చేసింది. ఎప్పుడూ తీపి ముట్టని బావ కూడా తిన్నాడు.

ఆ వేసవి చివర్లో ఒక పొద్దున, పాత అపార్ట్‌మెంటు ఒకదాంట్లో పియానో పాఠాలు చెప్పే టీచరు మూడో అంతస్తులో లిఫ్టు కోసం నిలబడింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలోని కాగితాలు సర్దుకుంటూ లోపలికి అడుగువేసింది. లిఫ్టు అక్కడ లేదు, కింది అంతస్తులో ఉంది. ఆవిడ దాని పైకప్పు మీద పడింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది, తుంటి ఎముక విరిగింది.

ఆ తలుపు సరిగా లేదని ఆ భవనం సెక్రటరీ అంతకుముందే ఉత్తరం రాశాడు. ఫోను చేస్తే లైను దొరకలేదట. "మూడో అంతస్తులో లిఫ్టు రాకపోయినా తలుపు తెరుచుకుంటోంది. తొందరగా ఎవరినైనా పంపండి." ఇంతే ఉంది అందులో. ఎవరూ వెళ్ళలేదు. విండోలో అది సన్నని అక్షరాల్లో ఉంది.

మేడమ్ తన గదిలోకి బావని పిలిచింది. వెనకాయన్నీ పిలిచింది. విండో చేసినవాడు కాబట్టి అతన్నీ పిలిచింది. వెనకాయన సర్వరులోని వరసను చదివి వినిపించాడు. ఆ ఉత్తరాన్ని తెరిచింది బావ. తేదీ ఉంది, సమయం ఉంది. ఆఫీసు తెరిచే వేళ.

"నేను దీన్ని చూడలేదు మేడమ్" అన్నాడు బావ.

"మీ పేరుంది కదండీ."

"తలుపు సంగతి రాస్తే నేనొదులుతానా? పదహారేళ్ళు ఆ తలుపులతోనే బతికాను. అలాంటిది చూస్తే కుర్చీలో కూర్చోగలనా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు" అంది మేడమ్. ఆవిడ గొంతులో కోపం లేదు.

బావ వంగి వెనకాయన చూపించిన వరసను తనే చదువుకున్నాడు. వేలు పెట్టి ఇంకోసారి చదివాడు.

"నా పేరే" అన్నాడు.

కబురు చేసేదాకా ఇంట్లో ఉండమన్నారు. బావ సొరుగులోంచి కళ్ళజోడు పెట్టె, టీ కప్పు తీసుకుని, ఫోన్లమ్మాయికి "వస్తానమ్మా" అని చెప్పి బయటికి నడిచాడు.

ఆ మధ్యాహ్నం అతను వెనకగదిలో కూర్చుని ఆ వరసలన్నీ తెరిచి చూశాడు. ఎంతోసేపు వెతకనక్కర్లేకపోయింది. సెక్రటరీ ఉత్తరం వచ్చిన పొద్దున బావ విండోలోకి వచ్చిన క్షణమూ దాన్ని తెరిచిన క్షణమూ ఒక్కటే. రెప్పపాటు తేడా కూడా లేదు. ఏ మనిషి చెయ్యీ అంత వేగంగా కదలదు.

తర్వాత ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాలేదు. గది తాళం తీసేది బావే. కంప్యూటరు పెట్టగానే ఆ మనిషి పేరుతో విండో తెరుచుకునేలా చేసింది అతను. ఆ పొద్దున ఒక మెకానిక్ పనిముట్ల గది తాళంచెవి కోసం వచ్చాడని ఫోన్లమ్మాయి చెప్పింది. బావ మీట నొక్కి, తెర వెలిగే లోపలే ఆ మెకానిక్‌తో వెళ్ళాడు. ఖాళీ కుర్చీ ముందు విండో తెరుచుకుని, పై ఉత్తరాన్ని బావ పేరు మీద అడిగి తెచ్చుకుంది. అక్షరాలు సన్నబడ్డాయి. బావ తిరిగొచ్చేసరికి దాని మీద మరికొన్ని ఉత్తరాలు చేరాయి. మిగతా ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ముగ్గురూ లావు అక్షరాలే చూశారు. సన్నని అక్షరాల్లో ఉన్నదాన్ని ఎవరో చూసుకుంటున్నారనుకున్నారు. ఆ గదిలో అందరికీ బావ నేర్పిందే అది.

అతను విండోను మూసి మళ్ళీ తెరిచాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాడు. పైనున్న వరసలో లావు అక్షరాలు సన్నబడ్డాయి.

"చూశారా?" అన్నాడు వెనకాయనతో.

వెనకాయన చూశాడు. "నాది సరిగ్గానే పనిచేసిందండీ. మీ విండో అడిగింది, ఇది ఇచ్చింది."

"మనిషి అడగలేదండీ. నా ప్రోగ్రాం అడిగింది."

"మీ బావగారి పేరు చెప్పి అడిగింది కదా. వేరే పేరు చెప్పలేదు. ఎవరడిగారో దీనికి తెలుస్తుంది, కుర్చీలో ఎవరున్నారో తెలియదు."

"ఆ మాటే మేడమ్‌తో చెబుతారా?"

"అడిగితే చెబుతాను" అన్నాడు వెనకాయన.

మేడమ్ అడగలేదు. అతను చెప్పిందంతా విని, తన బల్ల మీది తెరలోనే అక్షరాలు సన్నబడడం చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"మీరు చెప్పింది నాకర్థమైంది" అంది. "అర్థం కాలేదనుకోకండి."

"అయితే బావని వెనక్కి పిలవండి మేడమ్."

"ఆ టీచరుగారి తరఫు లాయరుకి అప్పుడే జవాబు వెళ్ళిపోయింది. మా మనిషి ఒకరు పొరపాటు చేశారని. దాన్ని తిరగరాసి ప్రోగ్రాం పొరపాటని ఎవరి మాట మీద పంపను? మీ మాట మీదా? మీరు ఆయనకి ఏమవుతారని అడుగుతారు. బావమరిది అని చెప్పాలి."

ఆవిడ తెరను తన వైపు తిప్పుకుంది.

"ఇంకోటి అడుగుతాను. ఇది రోజూ పొద్దున్నే జరుగుతోందంటున్నారు. మరి ఇన్నాళ్ళ నుంచీ మిగతా పైఉత్తరాలు ఏమైనట్టు? అవి చూశారా?"

చూడలేదు. ఆ ఆలోచనే రాలేదు. అంతసేపూ అతని బుర్రలో బావ ఒక్కడే ఉన్నాడు.

ఆ రోజూ మర్నాడూ ఆ గదిలోని మిగతా ఇద్దరితో కలిసి ప్రతి పొద్దుటి పైఉత్తరాన్నీ వెతికాడు. చాలావరకు బావ చదివి పని జరిపించినవే. ఎదురుగా కనపడితే చదవకుండా ఉండే మనిషి కాదు. ఎటో లేచి వెళ్ళిన పొద్దుటివి మాత్రం అలాగే పడి ఉన్నాయి. ఒకదాంట్లో లిఫ్టు లోపలి దీపం వెలగడం లేదని. ఒకదాంట్లో మీ మెకానిక్ మంచివాడని. ఒక ముసలాయన లిఫ్టు ఆగినప్పుడు గుండె అదురుతోందని రాశాడు, అది బయటపడిన వెంటనే మెకానిక్ పరిగెత్తాడు. కొంప మునిగేది ఇంకేదీ లేదు. అది తేలాక అతనికి ఊపిరాడింది. ఊపిరాడినందుకే సిగ్గేసింది.

దానంతట అదే ఉత్తరం తెరుచుకునే పనిని విండోలోంచి తీసేశాడు. కుడిపక్క మళ్ళీ ఖాళీ అయింది. బావ కుర్చీలోకి తాత్కాలికంగా వచ్చిన కుర్రపిల్ల ఆ పూటే అతన్ని కేకేసింది. "కిటికీ సార్, సగం రావట్లేదు. పాడైందేమో చూస్తారా?"

"పాడవలేదమ్మా. మీరు నొక్కితేనే వస్తుంది."

"ఇదివరకు వచ్చేదటగా?"

"వచ్చేది" అన్నాడు.

ఇంటి దగ్గర బావ ఆ పొద్దున తనేం చేశాడో తలచుకుంటూ కూర్చునేవాడు. మెకానిక్‌తో వెళ్ళిన సంగతి గుర్తుంది. వెళ్ళేముందు తెర చూశాడా, లేదా? చూసే ఉంటానేమో అనడం మొదలుపెట్టాడు. "చదివి, వచ్చాక పంపుదాంలే అనుకుని ఉంటాను. మర్చిపోయి ఉంటాను. మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకలేదూ?"

"కళ్ళజోడు అందరూ వెతుకుతారు" అంది అక్క.

"తలుపు సంగతి ఉత్తరం కళ్ళజోడు కాదు కదే."

అతను లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఇదివరకటి విండో అందులో అలాగే ఉంది. బావని ఎదురుగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాడు. తప్పు నాది బావా, నీది కాదు, అన్నాడు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది.

"చూడు. నేనేమీ నొక్కను. నువ్వూ నొక్కకు."

విండో తెరుచుకుంది. పైవరస సన్నబడింది.

బావ తెరకేసి చూసి, తర్వాత అతనికేసి చూశాడు. ఆ చూపులో జాలి ఉంది. అతను దేన్నయినా తట్టుకునేవాడేమో గానీ దాన్ని తట్టుకోలేకపోయాడు.

"బాగా చేశావురా" అన్నాడు బావ.

"చెయ్యడమేంటి? ముందునుంచీ ఇంతే."

"ఆ విండో నీది. నువ్వు లావుగా ఉండమంటే ఉంటుంది, సన్నబడమంటే సన్నబడుతుంది. అద్దెకిద్దామా అని నేనంటే పొద్దు పోకముందే నింపి చూపించావు. ఇదెంత నీకు?"

"బావా, సర్వరులో ఉంది. విండోలోకి వచ్చిన క్షణం, ఉత్తరం తెరిచిన క్షణం ఒక్కటే. అది నేను రాసింది కాదు."

"ఆ సర్వరు చూసేగా నేను తెరిచానన్నారు. ఇప్పుడు అదే సర్వరు చూసి తెరవలేదంటున్నావు." బావ లాప్‌టాప్ మూత మెల్లగా మూశాడు. "నా కోసం నీ పేరు పాడుచేసుకోకు. నీకింకా బోలెడు ఉద్యోగముంది. నాకిక ఎంతుందని?"

"అబద్ధం కాదు బావా."

"నువ్వు అబద్ధం ఆడతావని అన్నానా? మా మీద ప్రేమతో అంటున్నావన్నాను."

అక్క తమ్ముడి వెనకే మేడమెట్ల దాకా వచ్చింది. "నిజంగా నీదేనా?" అని అడిగింది.

"నాదే అక్కా."

"మరి ఆఫీసులో చెప్పవేరా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"అర్థమైందన్నారు."

అక్క కొంగు నడుముకి దోపుకుంది. తిట్టదలచుకున్నదేమో అనిపించింది. చివరికి, "కంచం పెట్టాను, చల్లారిపోతుంది, రా" అని లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దాఫీసుకు అతనే ఉత్తరం రాశాడు. చేసింది చేసినట్టు రాశాడు. సర్వరులోని వరసలు జతపరిచాడు. తనకు బావ ఏమవుతాడో మొదటి వాక్యంలోనే రాశాడు, తర్వాత ఎవరో తవ్వితీసే అవసరం లేకుండా. చివర్లో, ఈ సంగతి ఎవరినైనా పంపి పరీక్షించి చూసుకోమని అడిగాడు. పంపాక వెనకాయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దాఫీసు ఉత్తరాలు కూడా అలాంటి సర్వరు మీదే ఉంటాయి. తెరిచిందీ లేనిదీ ఇక్కడినుంచి చూడొచ్చు.

మర్నాడు పొద్దున వెనకాయన తనంతట తనే ఫిర్యాదుల గది దాకా నడిచొచ్చాడు. అలా రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"తెరిచారండీ" అన్నాడు.

అతను లేచి నిలబడ్డాడు. "ఎప్పుడు?"

"ఆఫీసు తెరిచే వేళ." వెనకాయన గడప దగ్గరే ఆగాడు. అడగకుండానే రెండో మాట కూడా చెప్పాడు. "వాళ్ళు విండోలోకి వచ్చిందీ అప్పుడేనండీ. అదే క్షణం."

పెద్దాఫీసులో ఇంకా పాత విండోనే నడుస్తోంది. సరిచేసినదాన్ని అతను పంపాడు, పెట్టుకోవడం వాళ్ళ చేతిలో ఉంది. అతను రాసిన ఉత్తరం అక్కడెక్కడో ఒక తెర మీద, ఇంకా ఎవరూ కూర్చోని కుర్చీ ముందు తెరుచుకుని ఉంటుంది. లేదా ఎవరో కూర్చుని మొత్తం చదివి ఉంటారు. రెండిట్లో ఏదో తెలుసుకునే దారి లేదు. వెనకనున్న వ్యవస్థకు రెండూ ఒకటే. దాని మీద ఈపాటికి కొత్త ఉత్తరాలు చేరి ఉంటాయి.

జవాబు వస్తుందని ఎదురుచూశాడు. ఇంకో ఉత్తరం రాశాడు. అదీ తెరిచినట్టే ఉంది. ఫోను చేస్తే, మీ మేనేజరు ద్వారా రమ్మన్నారు. మేడమ్ దగ్గరికి వెళ్తే ఆవిడ తలుపు వేసి, "నేనూ అడిగానండీ. ఆయన్ని ముందుగా రిటైరైనట్టు పంపమన్నారు. గౌరవంగానే" అంది. మళ్ళీ తలుపు తీస్తూ, "మీ విండో మిగతా ఆఫీసులకి కూడా కావాలంటున్నారు" అని చెప్పింది. అది మంచివార్తో చెడ్డవార్తో ఆవిడ ముఖం చూస్తే తెలియలేదు.

బావ ఆ కబురు విని తలాడించాడు. ఆస్పత్రికి వెళ్ళి టీచరుగారిని చూసొచ్చాడు. వాకిట్లో చెప్పులు విప్పుతూ, "పాపం, ఆవిడే నాకు కుర్చీ చూపించింది" అన్నాడు. "క్షమించమ్మా, నేను చదివి మర్చిపోయానని చెప్పాను." ఆవిడ ఏమందో అక్క అడిగితే చెప్పలేదు.

ఇప్పుడు బావ ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున కూరగాయలు తెస్తాడు. సాయంత్రం అందరికీ టీ తనే పెడతానంటాడు. చేతికేదో ఒక పని ఉండాలంటాడు.

నిన్న సాయంత్రం టీ తెచ్చిచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అతను లాప్‌టాప్ తెరిచి ఉన్నాడు. పెద్దాఫీసుకు రాసిన ఉత్తరాలు రెండూ సన్నని అక్షరాల్లోనే ఉన్నాయి. బావ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు.

"ఒరేయ్, స్టవ్ ఆపానా నేను?"

"ఆపే ఉంటావు బావా."

"ఉంటావు కాదు. ఒకసారి చూసిరా."

అతను లేచి వంటింట్లోకి వెళ్ళాడు. మీట ఆపేసే ఉంది. చెయ్యి పెట్టి చూసి తిరిగొచ్చాడు.

"ఆపేసే ఉంది."

"నువ్వు చూశావా?"

"చూశాను బావా. చేత్తో పట్టుకుని చూశాను."

"సరే" అన్నాడు బావ. కప్పు వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, లేచి వంటింట్లోకి నడిచాడు. మీట తిప్పిన చప్పుడు వినపడింది. కాసేపటికి మళ్ళీ వినపడింది.